ఎనుముకు నీలం, ఆమెకు ఎరుపు

ఈ పొద్దు నా భార్యను తమ్ముని ముందర ఎగతాళి చేసినాను. నోరు జారి కాదు, తెలిసే చేసినాను.

మాది ఆలూరు దగ్గర మెట్టసేద్యం, పాడికి ఒక గేదె, మా పక్క ఎనుమంటాం. ఏడాదిగా ఆమెకు ఉన్నట్టుండి గుండె దడ, చేతులు తిమ్మిర్లు. ఊపిరాడక "సచ్చిపోతాండా" అని నా చెయ్యి పట్టుకునేది. "నాటకాలు" అని నేను విడిపించుకునేవాణ్ణి. కర్నూలు డాక్టరమ్మ పరీక్షలు చేయించి గుండెలో లోపం లేదంది. ముట్లు ఆగిపోయే వయసులో హార్మోన్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయని, కొందరికి అప్పుడే ఇట్లాంటి భయం విరుచుకుపడుతుందని చెప్పింది. ముట్టయిన రోజుకు సున్న, దడ వచ్చిన రోజుకు చుక్క పెట్టి మూడు నెలలకు చూపించమంది.

గోడ క్యాలెండరులో ఆమె మూడు నెలలూ ఎర్ర పెన్నుతో పెట్టింది; రేపే కర్నూలుకు పోయి చూపించాల్సింది. అదే క్యాలెండరులో ఎనుము ఎదకొచ్చిన రోజుకు నేను నీలం గీత కొడతాను. దాన్ని చూసి ఎవరూ నవ్వరు.

"ఏమన్నా, ఈ ఎర్ర సుక్కలేంది? ఎనుము శానా తూర్లు ఎదకొచ్చినట్టుండాదే!" అన్నాడు తమ్ముడు.

"ఎనుముది కాదప్పా, మీ వదినెది. ఆమెకు భయం ఎదకొస్తాది."

ఇద్దరం పగలబడి నవ్వినాం. టీ గ్లాసులతో ఆమె గడపలోనే ఉంది. గ్లాసులు కింద పెట్టి, ఆ మూడు కాగితాలూ చించి నీళ్ల పొయ్యిలో వేసింది. "రేపు కర్నూలుకు నేను రాను" అంది.

ఎనుము నాలుగు అరుపులు అరిస్తే పశువుల డాక్టరు కోసం పరుగెత్తే మొగోణ్ణి. మనిషి ఊపిరాడక అల్లాడితే నాకు నవ్వులాట. ఛీ, ఇదొక సంసారం చేసిన బతుకు!

తమ్ముడు వెళ్లిపోయినాక వాని ఇంటికి పోయి, అది నవ్వే మాట కాదని, తప్పు నాదని చెప్పినాను. వాళ్ల గోడమీది క్యాలెండరు అడిగి తెచ్చి, ఎర్ర పెన్ను పట్టుకుని ఆమె ముందర కూర్చున్నాను.

"నీకు ఒగ దినమన్నా గుర్తుండాదా?" అంది.

లేదు. ఎనుముకు సూది వేయించిన తారీఖు మాత్రం ఉంది. సిగ్గు విడిచి అదే చెప్పినాను.

"ఆ పొద్దే నాకూ వచ్చె. నువ్వు పశువుల డాక్టరుతో మాట్లాడతాంటివి."

అక్కడ మొదటి చుక్క పెట్టినాను. సున్నలూ చుక్కలూ ఆమె ఒక్కొక్కటే చెప్పింది, నేను పెట్టినాను. చుక్కలన్నీ సున్నలకు ముందే గుంపు కట్టినాయి.

ఆమె క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టుకుంది. "పొద్దున బస్సుకు మేమిద్దరం పోతాండాం, ఎనుమును నువ్వు పిండల్ల" అని తమ్మునికి ఫోన్ చేసినాను.