ఏడో విభాగంలో కుళ్ళాయమ్మ అట్టలు

ధర్మవరంలో పట్టుచీర అంచు మీద హంస నడవాలంటే, ముందు ఆ హంస గళ్ళ కాగితం మీద రంగు చుక్కలుగా పుట్టాలి. ఆ చుక్కలు చూసుకుంటూ దళసరి అట్టల మీద చుక్కకొక బెజ్జం కొట్టాలి. అట్టలన్నీ వరసగా దారంతో కుట్టి మగ్గం పైనుండే జాకార్డుకు తగిలిస్తే, బెజ్జమున్న చోట పోగు లేస్తుంది, లేని చోట లేవదు. కుళ్ళాయమ్మది ఆ బెజ్జాలు కొట్టే పని. తిమ్మరాజు మేస్త్రీ షెడ్డులో పదిహేడో ఏట సుత్తి పట్టుకుంది. పదహారేళ్ళయినా దించలేదు. ఆమె కొట్టిన అట్టలు ఏ వీధిలో ఏ మగ్గానికి పోతాయో, ఏ చీర అవుతాయో ఆమెకు తెలిసేది కాదు. తెలుసుకోవాలని పెద్దగా అనుకోనూ లేదు, 1998లో ఆ సీరియల్ వచ్చేదాకా.

సీరియల్ పేరు ‘ఏడో విభాగం’. ఆదివారం పొద్దున పదింటికి వచ్చేది. ఎర్రటి ఇసుక మధ్య కిటికీల్లేని కట్టడం. లోపల ఆరుగురు ఉద్యోగులు. పొద్దున గంట మోగుతుంది. గోడలో ఒక సందు నుంచి బెజ్జాల కార్డులు జారి పడతాయి. ఆరుగురూ వాటిని ఒక్కొక్కటే యంత్రంలో పెడతారు, పచ్చ లైటు వెలుగుతుంది, ఇంకొకటి పెడతారు. ఎందుకు పెడుతున్నారో వాళ్ళకు తెలీదు. పైఅధికారిని ఎవరూ చూడలేదు. గోడమీది డబ్బాలోంచి గొంతు మాత్రం వస్తుంది: “పని బాగుంది.” సాయంత్రం ఆరుగురూ ఒక బూడిదరంగు తలుపులోంచి బయటికి పోతారు. మరుక్షణం మళ్ళీ పొద్దున.

“ఇదేం సీరియలు మే? పెండ్లి ల్యా, ఏడుపు ల్యా,” అని మొగుడు తిరుపాల్ మొదటి వారమే లేచి మగ్గం గుంతలోకి దిగిపోయాడు. కుళ్ళాయమ్మ మాత్రం చేతిలో సగం ఒలిచిన చిక్కుడుకాయతో అట్లే కూర్చుండిపోయింది. ఆ కార్డులు ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో ఏమిటి, రోజంతా చూసేవే!

నెల తిరిగేసరికి వీధి వీధంతా అదే మాట. ఆ ఆరుగురూ చచ్చిపోయినోళ్ళని కొందరు. అది జైలని ఎదురింటి పుల్లమ్మవ్వ. దొంగనోట్ల ఫ్యాక్టరీ అని టీ అంగడి దగ్గర ఒకాయన పందెం కూడా కాశాడు. కుళ్ళాయమ్మ అన్నీ వినేది, ఏమీ అనేది కాదు.

పక్క వాటాలో బాడుగకుండే గ్రేస్ టీచరు రోజూ ప్యాసింజరెక్కి పెనుకొండ బడికి పోయొచ్చేది. ఆమె ఒకరోజు నవ్వుకుంటూ వచ్చి చెప్పింది. “అక్కా, పెనుకొండ లైబ్రరీలో ఓబుళప్ప సారని ఉండారు. హిందూపురం నుంచి వచ్చిపోతారు. ఆయన చెప్పేదేమంటే, అది ఆఫీసే కాదంట. ఆకాశంలో పోతాండే ఓడంట!”

“ఓడనా? ఎట్ల చెప్తాడు?”

“నాలుగో వారం బల్లమీద గ్లాసులో నీళ్ళు ఒక పక్కకి వాలినాయంట. ఓడ మలుపు తిరిగిందంటాడు.”

కుళ్ళాయమ్మకు ఒళ్ళు మండింది. అంత చదువుకున్న మనిషి నీళ్ళు చూశాడు గానీ గోడ చూడలేదా? ఆరో వారం ఒక ముసలి ఉద్యోగి చేతిలోంచి ఒక కార్డు జారి బల్ల కింద పడింది. యంత్రంలోకి పోలేదు. మరుసటి పొద్దున హాల్లో తలుపులు మూడే ఉన్నాయి. అంతకుముందు నాలుగు! సీరియల్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. చూసేవాళ్ళూ ఎత్తలేదు. కుళ్ళాయమ్మ మాత్రం చూసింది. ఒక్క అట్ట తప్పితే చీరలో ఏమవుతుందో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

గ్రేస్ నోటుబుక్కులోంచి కాగితం చింపించుకుని, ఏడో తరగతి నాటి చేతిరాతతో రాసింది: “సారుకు నమస్కారం. అది ఓడ కాదు. వాళ్ళు పెడతాండేది నేత అట్టలు. వాళ్ళు నేస్తాండేది రేపటి దినము. ఈ పొద్దు అట్టలు ఎట్లుంటే రేపు పొద్దున అట్లుంటాది. ఒక అట్ట పడిపోయె, ఒక తలుపు పోయె. చూసుకోండి. ఇట్లు, కుళ్ళాయమ్మ.”

మరునాటి సాయంత్రం గ్రేస్ రైలు దిగి ఇంటికి కాదు, నేరుగా షెడ్డుకే వచ్చింది. “అక్కా! సారు కుర్చీలోంచి లేసి నిలబడినాడు. రెండుసార్లు చదివినాడు. ఎవరీమె, యాడ పని చేస్తాదని ఒకటే అడుగుడు!”

జవాబు చీటీ పొట్టిగా ఉంది. “తలుపు సంగతి నిజమే, నేను చూడలేదు. అయితే సెట్టు వేసేవాళ్ళు మరిచిపోయి ఉండవచ్చు గదా. రుజువు కావాలి. ఓబుళప్ప.”

ఇంక చీటీలు మొదలయ్యాయి. ధర్మవరం నుంచి పెనుకొండకు, పెనుకొండ నుంచి ధర్మవరానికి, గ్రేస్ హ్యాండుబ్యాగులో. ఆయన గురుత్వాకర్షణ గురించి రెండు పేజీలు రాస్తే ఆమె పోగులు లేవడం గురించి పది వరసలు రాసేది. అట్ట కొడుతూ కొడుతూ ఏదో తట్టేది. వెంటనే అట్ట ముక్క మీద బొగ్గుపెన్సిలుతో గీసుకునేది. తిమ్మరాజు మేస్త్రీ గదిమేవాడు. “ఏమ్మే, చేతులు ఈడ, చెవులు యాడ?”

పదో వారం ముగిసినాక ఆమె ధైర్యం చేసి జోస్యమే రాసి పంపింది. “వాళ్ళలో ఒకరు తమ చేత్తో బెజ్జం పొడుస్తారు. పొడిస్తే గోడకు ఏదో ఒకటి కొత్తది వస్తాది.”

“సాధ్యం కాదు,” అని ఎర్ర సిరాతో జవాబు.

ఆ ఆదివారం కుళ్ళాయమ్మ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. చీటీ సంగతి గ్రేస్ అందరికీ చెప్పేసింది. షెడ్డులో పనిచేసే సోమక్క, పుల్లమ్మవ్వ, పక్క వీధి ఆడవాళ్ళు, ఆఖరికి తిరుపాల్ కూడా గుంతలోంచి ఎక్కొచ్చి గడపలో నిలబడ్డాడు. సీరియల్లో నళిని అనే ఉద్యోగి ఉంటుంది, ఎప్పుడూ మాట్లాడదు. ఆమె కార్డు యంత్రంలో పెట్టబోయి ఆగింది. అటూ ఇటూ చూసింది. కొప్పులోంచి పిన్ను తీసింది.

“పొడుస్తాదే!” అని అరిచింది సోమక్క.

నళిని పొడిచింది. బూడిదరంగు తలుపు, చీకటి, గంట. పొద్దున. ఎన్నడూ ఏమీ లేని గోడకు చిన్న కిటికీ! దాంట్లోంచి వెలుతురు నేలమీద పడింది.

ఇల్లు ఎగిరిపోయేంత కేక లేచింది. పుల్లమ్మవ్వ కుళ్ళాయమ్మ చెంపలు పట్టుకుని నెటికలు విరిచింది. తిరుపాల్ నోరు తెరిచి పెళ్ళాం వంక చూశాడు, “నీకెట్ల తెల్సె మే?” అని. ఆమెకు నవ్వాగలేదు. పదహారేళ్ళుగా ఆమె చేసే పని గురించి ఆమెను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ పొద్దు అందరూ అడిగారు. అట్ట అంటే ఏంది, బెజ్జం ఎట్ల కొడతారు, తప్పు పోతే ఏమవుతాదని.

సోమవారం చీటీ వచ్చింది. “ఒప్పుకుంటిని. సగం మాత్రమే. ఓడకు కూడా కిటికీ ఉండవచ్చును.”

పద్నాలుగో వారం పైఅధికారి గది మొదటిసారి చూపించారు. మనిషి లేడు. గోడకు మాత్రం బెజ్జాల అట్టల దండ వేలాడుతోంది, దారంతో కుట్టి. కెమెరా దాని దగ్గరికి పోయి కాసేపు నిలిచింది. కుళ్ళాయమ్మ సోమక్క చెయ్యి గట్టిగా గిల్లింది. “అది చదవాల!”

కేబుల్ మధు దగ్గర ఆ భాగం క్యాసెట్టు ఉంది. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా గ్రేస్‌ను వెంటబెట్టుకుని అతని అంగడికి పోయింది. మధు బొమ్మను ఆపితే అది వణుకుతూ, గీతలు గీతలుగా నిలబడేది. గ్రేస్ బెజ్జాలు చెప్పేది, కుళ్ళాయమ్మ గళ్ళ కాగితం మీద చుక్క పెట్టేది. మొదట అంతా గందరగోళం. ఏ బొమ్మా కాదు. అప్పుడామెకు తట్టింది. దండను తిరగేసి తగిలించారు! ఎడమ కుడి మార్చి మళ్ళీ మొదలుపెట్టింది.

మూడో అట్టకు వంపు. ఆరో అట్టకు మెడ. తొమ్మిదో అట్టకు ముక్కు.

“హంస!” అంది గ్రేస్. “అక్కా, హంస సందేశం! ఎవరికో ఏదో చెప్తాండారు!”

కుళ్ళాయమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. హంస ముక్కు కింద, ఉండకూడని చోట, ఒక చుక్క ఉంది. విడిగా, ఒంటరిగా. ఆమె దానివైపే చూస్తోంది. తర్వాత కాగితం పట్టుకుని పరుగులాంటి నడకతో షెడ్డుకు పోయింది.

“మేస్త్రీ, ఇది చూడు. ఈ చుక్క గుర్తుండాదా?”

తిమ్మరాజు కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశాడు. చూసి చూసి, “ఇది ఆ సంవత్సరం, తొంభై ఒకటిలో... హంస ముక్కులో మెతుకు పెట్టినావని నిన్ను తిడితినే! రెండు చీరలు నేసినాక గదా బయటపడె. ఆ అట్టలన్నీ పాత కాగితాలు కొనేవానికి వేసేస్తిమి గదా. నీకిదెక్కడిదమ్మే?”

“టీవీలో ఉండాది మేస్త్రీ! నేను కొట్టిన అట్టలు టీవీలో ఉండాయి!”

షెడ్డులో సుత్తులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నలుగురు ఆడవాళ్ళూ లేచి మీదపడ్డారు. నవ్వులే నవ్వులు. తన తప్పు దేశమంతా చూసిందని కుళ్ళాయమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్ళలో నీళ్ళు కారేదాకా.

ఓబుళప్ప సారు ఈసారి చీటీ పంపలేదు. మరుసటి ఆదివారం రైలెక్కి తానే షెడ్డుకు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగుతో. రెండు నెలలుగా చీటీల్లో కొట్లాడుకుంటున్న ఇద్దరూ మొదటిసారి ఎదురుపడ్డారు.

“మీరేనామ్మా కుళ్ళాయమ్మ?”

“ఔను సారూ. మీరు ఇంకా లావుగా ఉంటారనుకుంటి.”

ఆయన అట్ట చేతిలోకి తీసుకున్నాడు, వెలుతురుకు పట్టి బెజ్జాల్లోంచి చూశాడు, ఇనుప పలక మీద పెట్టి తానూ ఒక బెజ్జం కొట్టాడు. వంకరగా పడింది. చేయి దులుపుకుంటూ అన్నాడు, “అయితే అమ్మా, వాళ్ళు పాత అట్టలు తెచ్చి ఊరికే తగిలించినారు. దాంట్లో అర్థమేమీ ల్యాదని తేలిపోయె గదా. మీ సిద్ధాంతం పోయినట్టే.”

“పోయేదేంది సారూ! అవి నేత అట్టలని మొదటినుంచి చెప్పింది నేను. నిజంగానే నేత అట్టలయిపాయె!”

ఆయన గట్టిగా నవ్వేశాడు.

ఆయనే దగ్గరుండి టీవీ వాళ్ళకు జాబు రాయించాడు. నెలన్నరకు హైదరాబాదు నుంచి కవరు వచ్చింది. సీరియల్ రాసే సుమలత అనే ఆమె రాసింది. ఆ అట్టలు పాత కాగితాల వ్యాపారి దగ్గర సంచెడు కొన్నామని, పాతకాలపు కంప్యూటర్ కార్డులనుకున్నామని, వాటితో చీరలు నేస్తారని ఇప్పుడే తెలిసిందని. ఆఖర్న ఇంకొక మాట: “కథ ఎటు పోతుందో మాకూ ఇంకా పూర్తిగా తెలియదు. మీరేమనుకుంటున్నారు?”

ఆ వాక్యం కుళ్ళాయమ్మ ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఆరు పేజీల జవాబు రాసింది. అది చేరిందో లేదో గానీ, ఇరవైరెండో వారం తర్వాత సీరియల్ ఆగిపోయింది. ఆ ఆదివారం పదింటికి వంటల కార్యక్రమం వచ్చింది. ఆ ఆరుగురూ కిటికీ ముందు నిలబడి ఉండగానే కథ ఆగిపోయింది.

ఓబుళప్ప సారు ఊరుకోలేదు. పెనుకొండ లైబ్రరీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించాడు. ‘ఏడో విభాగం ఎట్లా ముగియాలి? ఎవరైనా వచ్చి చెప్పవచ్చు.’ నలభైమంది వచ్చారు. కాలేజీ పిల్లలు, ఇద్దరు రైల్వే ఉద్యోగులు, హిందూపురం నుంచి యోహాను అనే లెక్కల మాస్టరు. సారు తన ఓడ కథ చెప్పాడు, నల్లబల్ల మీద బొమ్మలేసి. బాగానే చెప్పాడు. తర్వాత, “ఇప్పుడు ధర్మవరం కుళ్ళాయమ్మ,” అన్నాడు.

ఆమె జీవితంలో నలుగురి ముందు లేచి నిలబడి మాట్లాడింది లేదు. మొదటి రెండు మాటలు తడబడ్డాయి. అప్పుడు సంచిలోంచి అట్టల దండ తీసి రెండు చేతులా పైకెత్తింది. “ఇది చూడండి. దీన్ని కొట్టేటప్పుడు నాకి హంస కనపడదు. మీకూ కనపడదు. కానీ ఉండాది గదా!” అంతే, మాట దారికొచ్చింది. నళిని ప్రతిరోజూ ఒక బెజ్జం ఎక్కువ పొడుస్తుందని, కిటికీ పక్కన మెట్లు మొలుస్తాయని, పైఅధికారి ఎవరో కాదు, వాళ్ళు నేసిన నిన్నటి దినమే గొంతు తెచ్చుకుందని చెబుతూ చెబుతూ ఆమె చేతులు గాలిలో నేస్తూనే ఉన్నాయి. యోహాను మాస్టరు మధ్యలో ప్రశ్న వేయబోతే వెనకనుంచి కాలేజీ పిల్లలు “ఆగండి సార్, ఆమెను చెప్పనీయండి!” అన్నారు. ఆమె కూర్చున్నాక చప్పట్లు చాలాసేపు ఆగలేదు. సారు కూడా కొట్టాడు, గొడుగు చంకలో పెట్టుకుని.

సోమవారం షెడ్డులో సోమక్క అడిగింది. “మెట్లు ఎక్కినాక ఏమాయె?”

కుళ్ళాయమ్మ దానికి సిద్ధంగా లేదు. అయినా సుత్తి కొడుతూనే చెప్పింది. మరుసటి సోమవారం ఇంకొంచెం. అట్లా ఇరవైమూడో భాగం నుంచి సీరియల్ ఆ షెడ్డులో నడిచింది, మూడేళ్ళు. కొన్ని వారాలు బాగుండేది కాదు, ఆడవాళ్ళు ఆవులించేవాళ్ళు. ఆమె ఇంటికి పోయి మళ్ళీ ఆలోచించుకొచ్చేది. గ్రేస్ కొన్నిటిని రాసి పెనుకొండకు మోసుకుపోయేది. మేస్త్రీ తిట్టడం మానేసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఈలోగా ధర్మవరంలో అక్కడక్కడా కంప్యూటర్లో డిజైన్లు వేయడం మొదలయింది. తిమ్మరాజు ఒకటి కొని, దాని ముందు మొదట కుళ్ళాయమ్మనే కూర్చోబెట్టాడు. వేళ్ళు మొద్దుబారినా గళ్ళు ఆమెకు పాతవే.

2002లో ఒక సోమవారం ఆమె కథ ముగించింది. ఆరుగురూ మెట్లెక్కి బయటికొచ్చి, ఎర్రటి ఇసుకలో నిలబడి, తాము నేసిన దినాన్ని మొదటిసారి ఎండలో చూశారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

సోమక్క మాత్రం సుత్తి పక్కన పెట్టి కనుబొమలు ముడిచింది. “అంతా బాగుండాది గానీ కుళ్ళాయమ్మా, ఇన్ని దినాలు వాళ్ళు అన్నం యాడ తినిరి?”

కుళ్ళాయమ్మ మొదటి భాగం నుంచి గుర్తు చేసుకుంది. ఇరవైరెండు వారాలు టీవీలో, మూడేళ్ళు షెడ్డులో, ఆ ఆరుగురూ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నది ఎవరూ చూడలేదు. ఓబుళప్ప సారూ పట్టుకోలేదు, తానూ పట్టుకోలేదు! ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. కొంగు దోపుకుని లేచింది.

“యాడికి మే?” అన్నాడు మేస్త్రీ.

“ఎస్టీడీ బూతుకు. సారుకు ఫోను చేసొస్తా,” అంటూ అప్పటికే వీధిలో ఉంది.