‘చూద్దాం’ అన్న మాట నుండి దేవుడు నన్ను విడిపించిన విధం

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, వాల్తేరు యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు చేతికి అందితే దేవుని పని కోసం దాన్ని వద్దని వచ్చేసిన మనిషి మన చీపురుపల్లి ప్రాంతంలో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ నేనే! నన్ను చూసి ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు! ఈ మాట ఎన్నో కూడికల్లో చెప్పాను, విన్నవాళ్లంతా స్తోత్రం అన్నారు. పళ్లూడిన ఈ వయసులో ఇంకా ఎందుకులే అని నిజం రాస్తున్నాను. ప్రొఫెసరుగారు లేచిన మాట వాస్తవమే. అది ఆయన భోజనం వేళ. సీటంటారా, అది నాకెవరూ ఇవ్వలేదు.

అవి అరవైలు ముగిసే రోజులు. విజయనగరంలో బి.ఏ. చదివి, ఇంగ్లీషు ఒకసారి తప్పి, మళ్లీ కట్టి, థర్డు క్లాసులో గట్టెక్కాను. మా పేటలో అంతవరకు చదివింది నేనొక్కణ్ణే గనుక ఏ క్లాసని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు! ఇంట్లో చూస్తే నాన్న ఉబ్బసం ముదిరి పొలానికి వెళ్లడం మానేశాడు, అమ్మ కూలితోనే పొయ్యి వెలిగేది. పక్క ఊరి బడిలో మేష్టారు పని ఖాళీ అయిందనీ, సెలవులయ్యేలోగా వచ్చి ఒప్పుకోకపోతే వేరొకర్ని పెట్టుకుంటాననీ హెడ్మాష్టారు కబురు పంపారు. ఎం.ఏ. చదవబోయే నేను పిల్లలకు అఆలు దిద్దించడమా అని ఆ కబురును గాలికి వదిలేసి వాల్తేరు రైలెక్కాను!

అక్కడ వరండా నిండా ఫస్టు క్లాసు వాళ్లే నిలబడి ఉన్నారు. ప్రొఫెసరుగారు మంచి మనిషి, నా మార్కులు చూసి, వరండా వైపు చూసి, మళ్లీ నన్ను చూసి, “సరే అబ్బాయ్, చూద్దాం” అని భోజనానికి లేచారు. సహోదరులారా, మా ఇంట్లో నాన్న ‘సూద్దాం’ అన్నాడంటే ఆ పని అయిపోయినట్టే. చొక్కా అడిగితే సూద్దాం అనేవాడు, క్రిస్మసుకు చొక్కా వచ్చేది. వాల్తేరులో ఆ మాటకు ‘ఇక నువ్వు బయలుదేరు’ అని అర్థమని నాకేం తెలుసు! చీపురుపల్లిలో రైలు దిగేసరికి ఆ చూద్దాం కాస్తా ‘ఇస్తానన్నారు’ అయింది, మా పేట చేరేసరికి ‘ఇచ్చేశారు’ అయింది.

సీటు వచ్చిందన్నాక కృతజ్ఞతా కూడిక పెట్టకుండా మనవాళ్లు ఊరుకుంటారా? ఆదివారం ఆరాధన కాగానే మా వాకిట్లో తాటాకు పందిరి వేశారు, అమ్మ కోళ్లు కోయించింది, పాస్టరుగారు మా మేనత్త సువార్తమ్మను ప్రార్థన చేయమన్నారు. అందరం కళ్లు మూసుకున్నాం.

“ప్రభువా, ఈడు నా తమ్ముడి కొడుకు, నా సేతుల్లో పెరిగినోడు. ఈడికి సీటు రానేదు తండ్రీ! వొచ్చుంటే నా మొకం సూసి సెప్పేవోడు, నేల సూపులు సూస్తా సెప్పినాడు. బడి పని సూస్తే సెయ్యి జారిపోతన్నాది. నా తమ్ముడు సూస్తే ఊపిరాడక కూకున్నాడు. ఈడి బుర్రలోంచి ఆ వాల్తేరుని దింపేయి నాయనా! ఈడు ఏ పనికి పనికొస్తాడో ఆ పనిలో కూకోబెట్టు. యేసు నామంలో అడుగుతన్నాను, ఆమేన్!”

“ఆమేన్!” అంది పందిరంతా. అలవాటు, సహోదరులారా! యేసు నామం వినపడగానే నోరు దానంతటదే అనేస్తుంది. అందరికంటే గట్టిగా అన్నది ఎవరనుకున్నారు? నేనే! నోరు అనేశాక గానీ దేనికి అన్నానో చెవికి తెలియలేదు! కళ్లు తెరిస్తే అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది, పాస్టరుగారు నోరు తెరిచి మూయలేదు, ఊళ్లోవాళ్లంతా నన్నే చూస్తున్నారు!

“ఒరే బావా, ఆమేన్ అనీసినావు గదరా, ఇంతకీ సీటు వొచ్చినాదా, నేదా?” అన్నాడు వరసకు బావయ్యే ఏసుపాదం.

“నేదు” అన్నాను.

“అయితే కోడి సల్లారిపోతాది, వొడ్డించండెహె!” అన్నాడు వాడు.

అక్కడే దేవుడు నన్ను పట్టుకున్నాడు! ఆ పందిట్లోనే మోకరించి ఏడ్చి, “ప్రభువా, నాకు రాని దాన్ని వచ్చిందన్నాను, వచ్చిన దాన్ని కాదన్నాను, క్షమించు” అని ప్రార్థించి, ధైర్యం పొంది, తిన్నగా హెడ్మాష్టారి దగ్గరికి నడిచివెళ్లి పనికి ఒప్పుకున్నాను. నాన్నకు మందులు వచ్చాయి, అమ్మ కూలి మానింది, నా దగ్గర అఆలు దిద్దిన పిల్లల్లో ఒకమ్మాయి ఫస్టు క్లాసులో పాసై అదే వాల్తేరులో ఎం.ఏ. చదివింది. దేవునికే మహిమ! పై చదువులు కోరే బిడ్డలారా, కోరండి, ప్రార్థించండి, కానీ మీ మార్కులు ఎంతవరకు తీసుకెళ్తాయో మొహమాటం లేని మనిషిని ఒకసారి అడగండి, చేతికందిన రెండో పనిని తన్నేయకండి. మూసిన తలుపు దగ్గర కూడా ప్రభువు మన పక్కనే నిలబడతాడు, ఆయన్ని నమ్మండి!

ఇంతవరకు రాసి, పత్రికకు పంపేముందు మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆవిడ మా సువార్తమ్మత్త కూతురే, ఆ రోజు ఆ పందిట్లోనే ఉంది.

“ఏటి బావా, ఎవులెల్నారు మేష్టారి కాడికి? నువ్వు సిగ్గుతో పశువుల సాలలో గడ్డి మీద ముసుగెట్టుకు తొంగున్నావు. మా అమ్మే ఎల్లి, ‘మావోడు వొస్తాడు బాబూ’ అని మాటిచ్చి వొచ్చినాది. దేవుడు దైర్నం ఇచ్చినాడు గానీ, నీకు కాదు, మాయమ్మకి. అది రాయి.”