సిద్ధరాములు తెల్ల తువ్వాల

మా వాడలోకి బండి వస్తే చాలు, సిద్ధరాములు భుజం మీది తెల్ల తువ్వాల తీసి పొగగొట్టానికి అడ్డం పెట్టేవాడు. పది లెక్కపెట్టి మసి చూసేవాడు. తర్వాత బండి నడిపే మనిషి మొహం చూసేవాడు. పెళ్లికొడుకు కూచున్న కారును కూడా వదల్లేదు. షోలాపూర్‌లో పదేళ్లు అతని పక్క మగ్గం మీద నేసిన నాకు, ఆ తువ్వాల ఎప్పుడు ఉతికేవాడో తెలియదు.

నిలకడ లేని మనిషి. హారన్ వినిపిస్తే మగ్గం ఆపి, సగం మాట నా దగ్గర వదిలి, వాడ ఎత్తు మీదికి పరుగెత్తేవాడు.

ఆ ఎత్తు మధ్యలోని ఒంటిగదిలోనే చంద్రభాగ బీడీలు చుట్టేది. గాలి తగిలేలా కూచోవాలని, లేకుంటే ఆ పని మానాలని డాక్టరు చెప్పాడు. మానితే ఆమెకు వేరే పని రాదు. బండి వస్తే పొగకు తలుపు మూసుకునేది. మూసిన గదిలో పొగాకు ధూళికి దగ్గేది.

బండ్లకు పొగ పరీక్ష కొత్తగా వచ్చిన రోజులవి. నూలు మోసే రామన్న టెంపో అశోక్ చౌక్‌లో ఆ పరీక్ష నెగ్గి, అద్దానికి కాగితం అంటించుకుని వచ్చింది. సిద్ధరాములు తువ్వాల పెట్టాడు. నల్లబడింది. వెంటనే రామన్నను తీసుకుని పరీక్ష చేసే గుమాస్తా దగ్గరికి బయలుదేరాడు. ఆపుదామని నేనూ వెళ్లాను.

"కాకా, ఖాళీ బండిని నిలబెట్టి చూసుడే రూలు" అన్నాడు గుమాస్తా.

"నూలు ఎక్కియ్యకుండ మగ్గం ఆడిచ్చి, తువ్వాల మంచిగొచ్చిందంటవా?" అన్నాడు సిద్ధరాములు.

గుమాస్తా లేచి మాతో వాడకు వచ్చాడు. టెంపోలో పన్నెండు మూటలు ఎక్కించి, అతన్ని ముందు కూచోబెట్టి, ఎత్తు ఎక్కించారు. వెనక తువ్వాల పట్టుకుని సిద్ధరాములు పరుగు. సగం దూరంలో టెంపో మూలిగింది. పొగలో సిద్ధరాములు మాయమయ్యాడు. దగ్గు మాత్రం మిగిలింది.

గుమాస్తా దిగి తువ్వాల చూశాడు. "నీ మాట నిజమే కాకా. గని నా మిషను గీ ఎత్తు ఎక్కది."

అప్పుడే చంద్రభాగ తలుపు మూసుకుంది. సిద్ధరాములు ఆ తలుపునే చూస్తున్నాడు.

"ఇన్నొద్దులు గీ లొల్లంత ఆమె కోసమా?" అన్నాడు రామన్న.

"తలుపు తీసుకొని కూసోవాలె గద. గంతే."

అతను తరిమిన బండ్లన్నీ ఆ ఎత్తు ఎక్కేవేనని నాకు అప్పుడు తట్టింది. పెళ్లికారు కూడా.

మర్నాడు పొద్దున సిద్ధరాములు టెంపోను ఎత్తు కిందే ఆపించి, మొదటి మూట తనే భుజానికెత్తుకున్నాడు. తెరిచిన తలుపు ముందు ఆగి, చెమట తుడుచుకున్నాడు, అదే తువ్వాలతో. చంద్రభాగ చేట పక్కన పెట్టి నవ్వింది. ఎందుకో అడిగే తీరిక లేక, ఆ నల్లమొహంతోనే రెండో మూటకు దిగిపోయాడు.