ఒక్క గుక్కలో పాడాల్సిన జోలపాట

ఆయన మా నాటక సమాజానికి నాన్నగారు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, సొంత పిల్లల్లేరు. ఏటా మేం వేసే సంగీత నాటకంలో తల్లిలేని ఐదుగురు పిల్లలకు తండ్రి వేషం కట్టీ కట్టీ ఊరందరికీ నాన్నగారైపోయాడు. హార్మోనియం వాయించే నేను ఆయనకంటే పెద్దవాణ్ణి, నేనూ అలాగే పిలవాల్సొచ్చేది. స్టేజీ పిల్లలు ఊరుకుంటారా, చూస్తుండగానే పొడుగైపోయేవారు. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు వచ్చేవారు. పాతవాళ్ళు బజార్లో కనిపిస్తే చాలు, ఆయన చేతిలో పని వదిలేసి ఏం చదువుతున్నారని ఆరా తీసేవాడు.

నాటకం చివర ఒక జోలపాట ఉంది. దాని ఆఖరి చరణం గుక్క తిప్పుకోకుండా పాడాలి. తండ్రి ఎక్కడ ఆగినా ఒళ్ళో ఉన్న చంటిపిల్ల లేచి అమ్మేదని అడుగుతుందన్నమాట.

మా సమాజానికి ఒక చాదస్తం ఉంది. పాట కాగితం మీద నేర్పరు. పాతవాడు ఎదురుగా కూర్చుని పాడతాడు, కొత్తవాడు ఉన్నదున్నట్టు పట్టుకోవాలి. తప్పు పోతే దిద్దే హక్కు నేర్పినవాడిదే, మధ్యలో ఇంకెవరూ నోరు పెట్టకూడదు.

ఊపిరితిత్తులు దెబ్బతిని డాక్టరు స్టేజీ ఎక్కొద్దన్నాక, తన పాత్రకు మందుల షాపువారి అల్లుణ్ణి ఆయనే ఎంచుకున్నాడు. “నేనుండను. పాట మాత్రం చెడకుండా ఉండాలి,” అన్నాడు నాతో.

“ముందు మాత్రలు వేసుకో, తర్వాత పోదువుగాని,” అని కసిరాను. నాకు ఏడుపొస్తే కోపం వస్తుంది, ఏం చెయ్యను.

అల్లుడు మహా బుద్ధిమంతుడు. నేర్పుతుంటే చరణం సగంలో నాన్నగారికి ఆయాసం వచ్చేది. వెక్కినట్టు ఊపిరి లాక్కుని మళ్ళీ అందుకునేవాడు. అల్లుడు ఆ వెక్కు కూడా నేర్చుకున్నాడు. నటన అనుకున్నాడు పాపం. వాడు తిరిగి పాడి వినిపించేలోపే నాన్నగారు ఆసుపత్రి పాలయ్యాడు.

ప్రదర్శన రోజు ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి తెర పక్కన ఉంచాం. జోలపాట వచ్చింది. ఆ చోట అల్లుడు వెక్కాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. నాన్నగారు మాత్రం కంగారుగా చెయ్యెత్తాడు, పెదాలు కదిపాడు. గొంతు రాలేదు. ఆయన మెచ్చుకుంటున్నారనుకుని అల్లుడు అక్కణ్ణుంచే తలవంచాడు. ఆ వారంలోనే ఆయన పోయాడు.

మళ్ళీ రిహార్సల్స్ మొదలైనప్పుడు నాన్నగారి భార్య వచ్చింది. ఎన్నడూ మా గుమ్మం తొక్కని మనిషి. తిన్నగా వెళ్ళి, జోలపాట పాడుతున్న అల్లుడి ఎదురుగా కూర్చుంది.

“ఆ వెక్కు సరిగ్గా వస్తోందా అమ్మగారూ? నాన్నగారి దగ్గర పట్టిందే,” అన్నాడు వాడు.

“అది పాటలోది కాదు నాయనా. ఆయన జబ్బు. నీకు చెప్పాలని చివరిదాకా చెయ్యి ఆడిస్తూనే ఉన్నారు.”

తర్వాత ఆవిడే పాడింది. శ్రుతి లేదు, తాళం లేదు. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి విన్న చరణం. ఎక్కడా ఆగలేదు. దిద్దే హక్కు ఆవిడది కాదని మాలో ఒక్కరూ అనలేదు.

“ఇప్పుడు నువ్వు పాడు,” అంది.

నేను హార్మోనియం దగ్గరికి లాక్కున్నాను. అల్లుడు పాడాడు. ఆ చోటు వచ్చింది, వాడు ఆగలేదు. పాట బాగుపడింది. నాన్నగారు నిజంగా పోయాడని నాకప్పుడు తెలిసింది.