సచ్చిన కాలేజీ పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా నగరి నేతవీధిలో తెలివితక్కువతనాన్ని కొలవడానికి ఒక కొలత ఉండేది. ఎవరి పిల్లాడైనా పాలగిన్నె తన్నేసి వస్తే, "పోనీలే, వానికంటే మేలు" అని నా వైపు చూపించేవాళ్ళు. అంత పేరు తెచ్చుకున్నవాణ్ణి కాబట్టే, మా ఇంటికొచ్చిన ఒక పెద్దావిడకు వీధి వీధంతా పిలిచే పేరు పెట్టే భాగ్యం కూడా నాకే దక్కింది.

తొంభైల నడుమ సంగతి. ఆడి నెల, అంటే ఆషాఢం. తిరుపతిలో డిగ్రీ చదివే పక్కింటి అక్క వచ్చి, విదేశం నుంచి ఒక మ్యూజియం పెద్ద మా తాతయ్య చేత తెర నేయించుకోవడానికి వస్తోందని, మా మిద్దె మీది గదిలో దిగుతుందని చెప్పింది. మద్రాసు చూసొచ్చిన మా వైపు వాళ్ళు అక్కడి జూను 'బతికిన కాలేజీ' అనేవాళ్ళు, మ్యూజియాన్ని 'సచ్చిన కాలేజీ' అనేవాళ్ళు. నాకు తెలిసిన మాట అదే. "సచ్చిన కాలేజీ పెద్దమ్మ మా ఇంటికి వస్తా ఉండాదోయ్" అని వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా అరుచుకుంటూ పరిగెత్తాను. పెద్దమ్మ అంటే దరిద్రదేవత కూడా అని నాకేం తెలుసు? వాకిళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. అందరూ మా అమ్మ కడుపు వైపు చూశారు. అమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

ఆమె వచ్చింది. పొడుగ్గా, తెల్లజుట్టుతో, వంగని మోకాళ్ళతో. యూదులామె అని, ఆమె ఇంగ్లీషును మాకు తెలుగు చేసి చెప్పే అక్క చెప్పింది. ఆ మాట మా వీధిలో చర్చికి పోయే కుటుంబాలకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళు కూడా, బైబిల్లోంచి ఒకామె దిగొచ్చి మా ఇంట్లో టీ తాగతా ఉండాదే అన్నట్టు తొంగి చూసిపోయారు.

నేను పెట్టిన పేరుకు అర్థం ఏమిటని ఆమె అడిగిందట. అక్క మొహం ఎర్రగా చేసుకొని చెప్పింది. ఆమె కోపం తెచ్చుకోలేదు. "పేరు సరిగ్గానే ఉంది, మా వాళ్ళంతా ఆ కాలేజీలోనే ఉన్నారు, నేను వాళ్ళకు కాపలా" అంది. అక్క దాన్ని తెలుగులో చెప్పేసరికి మా అమ్మ గబుక్కున లేచి లోపలికి పోయింది.

సాయంత్రాలు అరుగు మీద కూర్చొని తన కథ కొంచెం కొంచెం చెప్పేది. ఆమె చంటిబిడ్డగా ఉన్నప్పుడు వాళ్ళ ఊరి మీదికి సైనికులు వచ్చారు. యూదుల గుడిలో, ధర్మశాస్త్రం దాచే అల్మరా ముందు వేలాడే తెరను కత్తితో చీల్చారు. ఊళ్ళో యూదులందరినీ తోలుకుపోయారు. ఎట్లాగో తప్పించుకున్న వాళ్ళమ్మ, ఆ తెరలోనే బిడ్డను చుట్టుకొని సరిహద్దు దాటింది. పెరిగి పెద్దయినాక ఆమె ఒక మ్యూజియంలో అద్దాలు తుడిచే పనిలో చేరింది. తుడుస్తూనే చదువుకుంది. చివరికి ఆ మ్యూజియానికే పెద్ద అయింది. ఆమె పనల్లా, సొంతదారులు తిరిగి రాని వస్తువులను జాగ్రత్త చేయడం. ఒక స్పూను, ఒక పిల్లల బూటు, ఒక దీపం కుంది. ఇక ఉద్యోగం ముగిసే లోపల ఆ తెరను జనానికి చూపించాలి. వెలుతురు తగిలితే పొడి అయిపోయేంత పాతది కాబట్టి, అట్లాంటిదే ఇంకొకటి కావాలి. దాని నూలు ఒకప్పుడు మన తీరంలో ఓడెక్కిందని తేల్చుకొని, గుంతలో కూర్చొని చేత్తో నేసే మగ్గం మానని మా తాతయ్యను వెతుక్కుంటూ వచ్చింది.

అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. పాతదానిలో కత్తి పడిన చోట, కొత్తదానిలో ఖాళీ కావాలంది.

తాతయ్య అడ్డపోగు నడిపే నాడె కింద పెట్టేశాడు. "నిండుగా నేసిస్తాను తల్లీ. కోసుకొనేది నువ్వు కోసుకో" అన్నాడు.

"మొదటిది వాళ్ళు కోశారు. నేను కత్తి పట్టను" అంది ఆమె. ఆ ఖాళీ అనేది నేతతో పాటు మగ్గం మీదే పుట్టాలట.

"కడుపుతో ఉండే ఆడబిడ్డ ఇంట్లో నేతలో బొక్క పెడతానా? ఈ సెయ్యి ఇరిగిపోనీ, ఆ పని సెయ్యను" అన్నాడు తాతయ్య. అక్క ఆ మాటను తిప్పి చెప్పకుండా మింగేసింది. కానీ పెద్దావిడకు అర్థమైంది. సరేనని తలాడించింది. తిరిగి పోనూ లేదు, బతిమాలనూ లేదు. రోజూ వచ్చి మగ్గం పక్కన స్టూలు వేసుకొని కూర్చునేది.

ఆ ఏడు ఆడి గాలి ఊరిని దులిపేసింది. పొడిగాలికి మగ్గం మీద పొడుగునా లాగి కట్టిన పడుగు పోగులు టప్ టప్ మని తెగేవి. తాతయ్య ముడివేసిన చోటే మళ్ళీ తెగేవి. కరెంటు పోతే పవర్లూమ్ షెడ్లన్నీ ఒక్కసారిగా నోరు మూసుకునేవి. ఆ నిశ్శబ్దంలో తాతయ్య మగ్గం ఒక్కటే టకటకలాడుతుంటే ఎవరో తలుపు తడుతున్నట్టుండేది. మా అమ్మ మిద్దె మెట్ల వైపు పోవడం మానేసింది. ఆ పెద్దావిడ తాగిన గ్లాసును మా నాయనమ్మ పసుపునీళ్ళతో కడిగేది. నేను మాత్రం, ఆమె మా ఇంట్లో ఎవరి కోసం కాపలా కాస్తున్నదా అని ఆలోచించి, ఆమె కనబడితే ఊపిరి బిగబట్టేవాణ్ణి.

తాతయ్య తెరను నిండుగానే నేస్తూ పోయాడు. ఒక్క పోగు కూడా వదల్లేదు. ఇంకా మూరెడు మిగిలి ఉండగా అమ్మకు నొప్పులొచ్చాయి. నాయన వ్యాను మాట్లాడి తిరుపతికి తీసుకుపోయాడు. తిరిగొచ్చినప్పుడు అమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆడపిల్ల. ఊపిరి తీయలేదు.

వీధి మా వాకిట్లోకి వచ్చింది. "ఆ పెద్దమ్మను ముందు పంపించేయండప్పా" అని మగవాళ్ళు, "మళ్ళా పుడతాదిలే, మరిసిపో" అని ఆడవాళ్ళు. అటువంటి బిడ్డలకు మా వైపు పేరు పెట్టరు, దినం చేయరు, మళ్ళీ తలవరు. మా అమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది.

అప్పుడు పెద్దావిడ మిద్దె మెట్లు దిగి వచ్చింది. జనం జరిగి దారిచ్చారు, మర్యాదకు కాదు, భయానికి. ఆమె గోడ పట్టుకొని, ఆ వంగని మోకాళ్ళను ఎట్లాగో వంచి, అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. వాళ్ళలో ఆచారం అంతేనట, దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు తెరిచేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదట. తిప్పి చెప్పడానికి ఏమీ లేక అక్క కూడా వాళ్ళ పక్కనే కూలబడింది. జనం విసిగి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

చాలాసేపటికి అమ్మే అంది, "జుట్టు ఒత్తుగా ఉండె."

అక్క తిప్పి చెప్పగా ఆమె అడిగింది, "ఎవరి పోలిక?"

ఆ మాట అంతవరకు మా అమ్మను ఎవరూ అడగలేదు. అమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మా మామ ముక్కే. అచ్చం అదే ముక్కు" అని, అప్పుడు ఏడ్చింది. మగ్గం గుంతలో కూర్చొని ఉన్న తాతయ్య తన ముక్కును చేత్తో కప్పుకున్నాడు.

తెల్లవారి తాతయ్య నేసిన తెరను విప్పడం మొదలుపెట్టాడు. కత్తి పడిన చోటు వచ్చేదాకా, అడ్డంగా నేసిన పేకను పోగు పోగుగా వెనక్కి లాగేశాడు. ఆ తర్వాత రెండు నాడెలు తీసుకొని, ఖాళీకి అటొకటి ఇటొకటి ఆడించుకుంటూ, నడుమ జానెడు చోటు వదిలి నేశాడు. అక్కడ పేక లేదు. పడుగు పోగులు మాత్రం తెగకుండా పైనుంచి కిందికి పోతున్నాయి. నేను వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకొని ఆపాడు. "బొక్క గాదురా అది" అని మళ్ళీ నాడె అందుకున్నాడు.

తెర ఆమెతో పోయింది. ఇప్పటికీ ఆ సచ్చిన కాలేజీలో వేలాడుతూనే ఉండాలి. ఖాళీ వదిలితే మనుషులు పోతారని భయపడిన ఇంట్లో, పోయిన మనిషికి చోటు వదలడం ఎట్లాగో ఆమె మాకు నేర్పించి పోయింది. చావింటికి పోయినప్పుడు నా నోరు కట్టేసుకొని నేల మీద కూర్చోవడం నాకు ఆ రోజు నుంచే అలవాటైంది. నన్నెరిగినవాళ్ళకు అదెంత కష్టమో తెలుసు.

ఆ తర్వాత అమ్మకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఈ మధ్య రేషన్ కార్డు పనికని వచ్చినాయన పిల్లలెందరని అడిగితే, అమ్మ ఇద్దరంది. ఆయన అటు పోగానే నేను ఊరుకోలేక, "ఏమా, ఉండే నన్నొక్కణ్ణి ఇద్దరని రాయిస్తావా, నీకు లెక్క రాదా?" అన్నాను.

చేటలో బియ్యం చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా అంది. "ఏడో తరగతి లెక్కల్లో తప్పి బడి ఎగ్గొట్టినోడివి, నాకు లెక్క సెప్పొచ్చినావా? ఇద్దరే. పెద్దోడు వాగతాడు, సిన్నది వాగదు. అంతే తేడా."