అంచు సాపు చేసిన చీనా పళ్లెం

మా మేనమామ పోయాడన్న కబురు కొమరోలు నుంచి ఖాళీగా తిరిగొస్తున్న పలకల బండి తెచ్చింది. బండి తోలే మనిషి మార్కాపురంలో మా వాకిట్లో ఎడ్లను ఆపి, "మీ మామ ఇంక లేడయ్యా. పొద్దున గంజి తాగి పడుకున్నోడు లేవలేదు" అన్నాడు. "మీ బ్యాండు యజమానికీ చెప్పినా. శానా ఏడ్చినాడు" అని కూడా అన్నాడు. ఆ ఏడుపు సంగతి విని నాకు ఒళ్లు మండింది.

పెళ్లి ఊరేగింపుల్లో నేను క్లారినెట్ ఊదేవాణ్ణి, మామ డ్రమ్ము కొట్టేవాడు. వయసులో ఉండగా ఆయన రంగూన్ పోయి, అక్కడి చీనా దుకాణంలో ఒక కంచు తాళం కొనుక్కొచ్చాడు. భజన తాళాల్లా జత కాదు, ఒంటిది; పెద్ద పళ్లెమంత ఉండేది, అంచు చుట్టూ పైకి లేచి ఉండేది. డ్రమ్ము పక్కన తోలువారుతో వేలాడదీసి పుల్లతో కొడితే, కాగిన పెనం మీద నీళ్లు చల్లినట్టు ఝస్సుమనేది. మోగీ మోగకముందే మామ ఎడమచేత్తో అంచు పట్టుకుని దాని నోరు మూసేవాడు.

"కొట్టేది ఎవడన్నా కొడతాడు. పట్టుకునేది నేర్చుకో అల్లుడా" అనేవాడు.

పెళ్లికొడుకు ఆడపిల్లవారి వాకిట్లో దిగేటప్పుడు ఒక్క దెబ్బ. ఇంకా కొట్టమంటే, "ఇది ఊరగాయ. దీంతో కడుపు నింపుకుంటారా?" అని కసిరేవాడు. మెత్తని మనిషేం కాదు. నేను ఊదితే గొర్రె కూడా తల తిప్పదని నా మొహానే అన్నాడు. అయినా నాకు చెవులంటూ ఉన్నాయంటే ఆయన పెట్టిన భిక్షే.

ఇక మా యజమాని. ఆయనకు వాయిద్యం మెరిస్తే చాలు, మోగినట్టే లెక్క. ఒక పెళ్లివారు "పగిలిన పళ్లెం తెచ్చినారేంది?" అనేసరికి ఆయన పరువు పోయింది. మామ జ్వరంతో మంచం పట్టి ఉండగా ఆ తాళాన్ని కంచరి కొలిమిలో పెట్టించి, లేచిన అంచునంతా సాపుగా కొట్టించాడు. చింతపండుతో తోమించి మంచం దగ్గరికే తెచ్చాడు.

"యాడనో వంగిపోయినట్టుంది బావా. సరిచేయించినా!"

ఆ మహానుభావుడు ఉపకారం చేశాననే అనుకున్నాడు. మామ దాన్ని గోటితో మీటాడు. ణంగుమని తియ్యగా మోగింది.

"పండ్లన్నీ పీకి, ఇంక నవ్వమంటున్నావా?"

యజమాని పకపకా నవ్వాడు. ఆయనకు అదొక హాస్యం. మామ మళ్లీ దాన్ని ముట్టలేదు. తర్వాత కూడా పెళ్లివాకిట డ్రమ్ము కొడుతూ ఉండగా ఎడమచెయ్యి ఊరికే పక్కకు పోయి గాలిలో మూసుకునేది.

మామను పూడ్చే రోజు సమాధుల దొడ్డిలో పాస్టరుగారి ప్రార్థన ముగియగానే యజమాని ఆ పళ్లెం బయటికి తీశాడు. "మా బావ ప్రాణం ఇది" అని అందరికీ వినపడేట్టు చెప్పి ఒకటి పీకాడు. ణంగ్... అది సాగుతూనే ఉంది. ఊరివాళ్లు కళ్లొత్తుకున్నారు. మామ బతికుండగా చెవులు మూసుకున్నవాళ్లే వీళ్లంతా.

"ఎంత బాగ మోగుతుందో చూసినావా?" అన్నాడు యజమాని నాతో.

నేను నోరు తెరిచేలోపే గోతి పక్కన కూర్చున్న మామ భార్య, మా అత్త, లేచి వచ్చింది. మట్టి అంటిన ఎడమచెయ్యి చాపి ఆ అంచును గట్టిగా పట్టుకుని దాని నోరు మూసింది.