ఐసు గడ్డ మీద దెబ్బ

ఈ మాట నా గుండెల మీద చాలా ఏళ్లుగా కూర్చుని ఉంది. నిద్రలో కూడా దిగలేదు. నా పేరు రాయను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఎవరితోనూ అననిది ఈ పత్రిక చదివే మీతో అంటున్నాను, మీ ముఖం నాకు కనపడదు కాబట్టి.

మొన్న చెన్నైలో ఓడ ఎక్కాను. సరుకుల ఓడ కాదు, షికారు ఓడ. నన్ను తీసుకుపోయినామెను మస్తానమ్మ అంటాను, అసలు పేరు వేరు. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల షెడ్డులో ఇద్దరం ఒకే బల్ల దగ్గర రొయ్యల తలలు తీసినవాళ్లం. ఆమె కూతురు ఉద్యోగంలో కుదురుకుని తల్లికి టిక్కెట్టు కొంటే, నేను లేకుండా పోనని పట్టుబట్టి నాకూ కొనిపించింది.

ఆ ఓడలో సుఖం ఎలా ఉంటుందో చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. తిన్న పళ్లెం ఎవరో తీసుకుపోతారు. పైఅంతస్తులో పడక కుర్చీలు వరసగా వేసి ఉంటాయి, పడుకుంటే తెల్ల తువ్వాలు కప్పుతారు. ఒకామె నా పాదాలకు నూనె రాసి, వేళ్లు ఒక్కొక్కటీ మెల్లగా లాగి వదిలింది. అంతకుముందు నా కాళ్లు పట్టుకున్నది మా ఆయన ఒక్కడే, గడప దాటించి ఈడ్చడానికి.

పక్క కుర్చీలో మస్తానమ్మ ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని ఉంది. ఆమె కుడి చేతి వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి, తెరుచుకోవు. గ్లాసులో ఐసు ముక్కలు ఆడిస్తూ, ఎప్పటిలా నన్ను మే అని పిలిచి అంది:

"చూసినావా మే. అప్పుడు రొయ్యల్ని వరసగా పరిచి ఐసు పోస్తా ఉంటిమి. ఇప్పుడు మనల్నే పండబెట్టినారు."

"తలకాయలు తీస్తారేమో, చూసుకో," అన్నాను.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

తర్వాత వేడినీళ్ల తొట్టిలో దిగాను. మెడ దాకా వేడి. నడుంలో, భుజాల్లో ఏళ్ల తరబడి పడిన ముడులన్నీ విడిపోయాయి. ఒళ్లంతా తేలికైంది. అప్పుడే భయం వేసింది. ఈ తేలిక నాకు కొత్త కాదు. ఇంతకుముందు ఒక్కసారి ఎరుగుదును. ఎప్పుడు?

ఐసు కొట్టిన రోజు.

మా షెడ్డులో ఐసు గడ్డను గోనెసంచిలో వేసి పగలగొట్టేవాళ్లం. ఒకరు సంచి కదలకుండా పట్టుకోవాలి, ఒకరు కొయ్య సుత్తితో కొట్టాలి. పట్టుకున్న చెయ్యి గడ్డకు ఆనుకునే ఉంటుంది. అందుకని కొట్టేవాళ్లు ప్రతి దెబ్బకూ ముందు "తియ్" అని అరవాలి. ఆ అరుపుకు చెయ్యి వెనక్కి పోతుంది. పట్టుకున్నవాళ్లు సుత్తి వైపు చూడరు. ముక్కలు కళ్లలో పడతాయని ముఖం పక్కకు తిప్పుకుంటారు.

ఆ రోజు పొద్దున మా ఆయన నన్ను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పగిలిన పెదవితోనే పనికి వచ్చాను. రొయ్యల తలలు సరిగా రాలేదు. మా బల్ల మీద పెత్తనం మస్తానమ్మదే. నా ట్రే వెనక్కి నెట్టి, అందరూ వింటుండగా అంది:

"మళ్లా చెయ్యి. మొగుడు అంత కొట్టినా పని రాలేదే మే నీకు."

బల్లంతా నవ్వింది. ఆమెకు అది వేళాకోళం. రోజూ అలాంటివి అనేది, నేనూ అనేదాన్ని. ఆ రోజు మాత్రం నా లోపల ఏదో తెగింది.

కాసేపటికి ఐసు కొట్టే వంతు మా ఇద్దరిదీ వచ్చింది. ఆమె సంచి పట్టుకుని ముఖం తిప్పుకుంది. మొదటి దెబ్బలకు తియ్ అన్నాను. ఆ తర్వాతి దానికి అనలేదు.

మరిచిపోలేదు. నోరు మూసుకున్నాను. ఎత్తిన సుత్తి కింద ఆ చెయ్యి స్పష్టంగా కనపడింది, ఎర్రగాజుతో సహా. నన్ను గోడకు కొట్టిన చెయ్యి అది కాదని తెలుసు. అయినా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఎముకల చప్పుడు ఐసు చప్పుడులాగే ఉంది. గాజు ముక్కలు మాంసంలో దిగాయి. గోనె ఎర్రబడింది, ఐసు ఎర్రబడింది. ఆమె అరవడానికి ముందు ఒక్క క్షణం నా ఒళ్లంతా తేలికైంది. వేడినీళ్లలో దిగినట్టు.

నా పైట చింపి నేనే కట్టు కట్టాను. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని నెల్లూరు ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. మేస్త్రీ అడిగితే, నేను అరిచానని, జనరేటరు మోతలో ఆమెకు వినపడలేదని చెప్పాను. మస్తానమ్మ నా మాట నమ్మి, తన చెవిదే తప్పని అందరికీ చెప్పింది. ఈనాటికీ అదే చెబుతుంది. ఆ తర్వాత ఆమె ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టినప్పుడు, బడికి పోయే ఆమె కూతురు నన్నూ పక్కన కూర్చోబెట్టి పలక ఇచ్చింది. నా అక్షరాలన్నీ ఆ విరిగిన చేతి పక్కన నేర్చుకున్నవే.

తొట్టిలోంచి బయటికి వచ్చి చెప్పేద్దామనుకున్నాను. దూరంగా తీరం సన్నటి గీతలా కనపడుతోంది. అది మన ఊరి వైపేనేమో అని మస్తానమ్మ ఆ వంకర వేళ్లతోనే చూపించింది. నా నోరు మళ్లీ మూసుకుంది.

మా ఆయన కొట్టినందుకే కొట్టానని చెప్పుకోవచ్చు. ఆయన పోయాడు, కాదనేవాళ్లు లేరు. కానీ ఆ సుత్తి ఆయన పట్టుకోలేదు. ఆయన్ని కొట్టే ధైర్యం లేక, నన్ను నమ్మి ముఖం తిప్పుకున్నదాన్ని కొట్టాను. దీన్ని ఏ మాట కింద దాచను?

మస్తానమ్మ ఈ పత్రిక చదువుతుంది. చదివాక నాకిస్తుంది. గోనెసంచి అన్న చోటికి వచ్చేసరికి ఆమెకు తెలిసిపోతుంది. ఈసారి పత్రిక ఇవ్వకపోవచ్చు. ఇంట్లోకి రానివ్వకపోవచ్చు. అయినా పంపుతున్నాను.

మే, జనరేటరు మోత కాదు. నీ చెవి తప్పు కాదు. నేను తియ్ అనలేదు.